మొలకకు గీత – రైతుకు భరోసా: విత్తన పరీక్షలో యంత్ర దృష్టి
ప్రత్యేక వ్యాసం

వ్యవసాయంలో పెట్టే పెట్టుబడులన్నింటికీ మూలం విత్తనం. ఎరువు తగ్గితే మరో దఫా వేయవచ్చు, తెగులు సోకితే మందు చల్లవచ్చు. మొలకెత్తని విత్తనానికి మాత్రం మందు లేదు. అదను దాటిన తరువాత తిరిగి విత్తుకున్నా, కోల్పోయిన రోజులు తిరిగి రావు. అందువల్లనే విత్తనం రైతు చేతికి చేరక ముందే ప్రయోగశాలలో దాని మొలక శాతాన్ని నిర్ధారించే విధానం దాదాపు ఒకటిన్నర శతాబ్దంగా అమలులో ఉంది. జర్మనీలోని థారాంట్‌లో ఫ్రెడరిక్ నోబె 1869లో తొలి విత్తన పరీక్షా కేంద్రాన్ని నెలకొల్పగా, అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం, అంటే ఇస్టా, 1924లో ఏర్పడింది. ఆ సంఘం 32వ మహాసభకు 2019లో హైదరాబాద్ నగరం వేదిక కావడం తెలుగు నేలకు విత్తన రంగంతో గల అనుబంధాన్ని చాటింది.

ఇంతకాలం పూర్తిగా విశ్లేషకుల కంటిచూపు పైనే ఆధారపడిన ఈ పరీక్షలో ఇప్పుడు కంప్యూటర్ కూడా ప్రవేశిస్తున్నది. మొలకల ఛాయాచిత్రాన్ని తీసి, ప్రతి మొలక చుట్టూ దాని అంచుల వెంబడి యంత్రమే గీత గీసి, వేరు ఎంత, కాండం ఎంత అని లెక్కకట్టే సాంకేతిక పరిజ్ఞానం అందుబాటులోకి వచ్చింది. ఈ పరిజ్ఞానం ఏ మేరకు పనికివస్తుంది, ఎక్కడ జాగ్రత్త వహించాలి అన్న అంశాలను పరిశీలించవలసిన సమయమిది.

ప్రయోగశాలలో జరిగేది

ప్రామాణిక మొలక పరీక్షకు ఒక లాటు నుండి 400 గింజలను, సాధారణంగా 100 చొప్పున నాలుగు భాగాలుగా తీసుకుంటారు. వాటిని తడి కాగితాల మధ్య గాని, ఇసుకలో గాని అమర్చి, నిర్ణీత ఉష్ణోగ్రతలో ఉంచుతారు. వరి విషయంలో 5వ రోజున తొలి లెక్క, 14వ రోజున తుది లెక్క తీస్తారు. మొలకెత్తినవన్నీ లెక్కకు రావు. వేరు, కాండం వంటి ముఖ్య భాగాలన్నీ సక్రమంగా ఉండి, పొలంలో మొక్కగా నిలదొక్కుకోగల వాటినే సాధారణ మొలకలుగా పరిగణిస్తారు. వేరు మొండిగా మిగిలినవి, చీలినవి, మెలితిరిగినవి, కుళ్లినవి అసాధారణ మొలకల కింద పోతాయి. మిగిలిన వాటిని గట్టి గింజలు, మొలకెత్తని తాజా గింజలు, చచ్చు గింజలుగా విభజిస్తారు. ధ్రువపత్రంపై కనిపించే మొలక శాతం సాధారణ మొలకల శాతమే అన్నది గుర్తుంచుకోదగిన విషయం.

మొలక శాతంతో పాటు విత్తన సత్తువను కూడా అంచనా వేసే పద్ధతులు ఉన్నాయి. 1973లో అబ్దుల్ బాకీ, ఆండర్సన్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన సూచిక ప్రకారం మొలక శాతాన్ని మొలక సగటు పొడవుతో హెచ్చిస్తారు. ఉదాహరణకు మొలక శాతం 85, సగటు పొడవు 20 సెంటీమీటర్లు అయితే సత్తువ సూచిక 1700 అవుతుంది. ఒకే మొలక శాతం గల రెండు లాటులలో ఏది చలికీ, తేమ కొరతకూ తట్టుకుని త్వరగా పైకి రాగలదో తెలుసుకోవడానికి ఇటువంటి సూచికలు తోడ్పడతాయి.

చిక్కు ఇక్కడే ఉంది. లెక్కించడం ఒక ఎత్తు, కొలవడం మరొక ఎత్తు. వంకరలు తిరిగిన వేరును స్కేలుతో కొలవడం శ్రమతో కూడిన పని. తెరపై ఒక్కొక్క మొలక అంచును మౌసుతో గీయడానికి 2 నిమిషాల చొప్పున పట్టిందనుకుంటే, 400 మొలకలకు 800 నిమిషాలు, అనగా 13 గంటలకు పైగా అవసరమవుతుంది. ఖరీఫ్‌కు ముందు నమూనాలు ఒక్కసారిగా వచ్చిపడే కాలంలో ఇంత సమయాన్ని ఒక్క లాటుకు కేటాయించడం ఏ ప్రయోగశాలకైనా కష్టసాధ్యం. ఫలితంగా సత్తువ కొలతలు తరచుగా పరిశోధనలకే పరిమితమవుతాయి.

యంత్రం గీత గీయడం నేర్చిన క్రమం

చిత్రంలో మొలక ఏది, నేపథ్యం ఏది అని వేరుచేయడమే ఈ ప్రక్రియకు పునాది. తొలితరం పద్ధతులు వెలుగునే కొలబద్దగా తీసుకున్నాయి. మొలక తెల్లగా, వెనుక కాగితం నల్లగా లేదా నీలంగా ఉంటే, ఒక నిర్ణీత స్థాయికి మించిన వెలుగు గల పిక్సెళ్లన్నీ మొలకకు చెందినవే అని భావించవచ్చు. ఆ స్థాయిని యంత్రమే చిత్రాన్ని బట్టి ఎంచుకునే సూత్రాన్ని జపాన్ శాస్త్రవేత్త ఓట్సు 1979లో ప్రకటించారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో రూపుదిద్దుకుని 1997లో వెలువడిన ఇమేజ్‌జె అనే సాఫ్ట్‌వేర్ ఈ తరహా కొలతలను ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలలకు ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. 2001లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్కానర్ సహాయంతో మూడు రోజుల వయసు గల లెట్యూస్ మొలకల చిత్రాలు తీసి, వాటి సత్తువను కంప్యూటరే గణించే వ్యవస్థను ప్రచురించారు.

రెండవ తరం పద్ధతులు ఉదాహరణల ద్వారా నేర్చుకుంటాయి. నిపుణులు చేత్తో గీసిన గీతలను చూపి, అటువంటివే గీయమని యంత్రానికి శిక్షణ ఇస్తారు. 2015లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయం వారు వైద్య చిత్రాల కోసం రూపొందించిన యూ-నెట్ ఈ మార్గంలో మైలురాయి. కొద్దిపాటి ఉదాహరణలతోనే పని నేర్చుకోగలగడం దాని ప్రత్యేకత. 2017లో ఫేస్‌బుక్ పరిశోధనా విభాగం వెలువరించిన మాస్క్ ఆర్-సీఎన్ఎన్, చిత్రంలోని ఒక్కొక్క వస్తువును విడివిడిగా గుర్తించి దేని గీతను దానికి గీయగలిగింది. 2023 ఏప్రిల్‌లో మెటా సంస్థ విడుదల చేసిన సెగ్మెంట్ ఎనీథింగ్ నమూనా 1 కోటి 10 లక్షల చిత్రాలు, 100 కోట్లకు పైబడిన గీతలతో శిక్షణ పొందింది. దీనికి మొలకపై ఒక చుక్క పెట్టి చూపితే చాలు, అంచును తానే ప్రతిపాదిస్తుంది.

ఈ క్రమాన్ని గమనిస్తే, గీత గీయడం ఇక సమస్యే కాదన్న భావన కలగడం సహజం. అయితే మొలక చిత్రం వీధిలోని వాహనం చిత్రం వంటిది కాదు. వేళ్లు ఒకదానిపై ఒకటి పడి పెనవేసుకుంటాయి. మూలకేశాలు వేరు అంచును మసకబారుస్తాయి. తడి కాగితంపై నీటి బొట్టు మెరిసి వేరు కొన వలె కనిపిస్తుంది. బూజు తీగలు సన్నని వేళ్లను తలపిస్తాయి. గింజ పొట్టు బీజదళాలకు అంటుకుని ఉంటే మొలక ఆకారమే మారిపోతుంది.

సగటు మార్కులు చెప్పని నిజం

ఇటువంటి సాఫ్ట్‌వేర్ పనితీరును సాధారణంగా ఒక నిష్పత్తిలో ప్రకటిస్తారు. నిపుణుని గీత లోపలి ప్రాంతం, యంత్రం గీత లోపలి ప్రాంతం ఎంత మేరకు ఒకదానిపై ఒకటి కలిసినవో చూసి, ఆ ఉమ్మడి భాగాన్ని రెండూ ఆక్రమించిన మొత్తం ప్రాంతంతో భాగిస్తారు. ఒకటికి దగ్గరగా ఉంటే మంచిదని భావిస్తారు. విత్తన పరీక్ష వరకు ఈ కొలమానం పక్కదారి పట్టించే ప్రమాదం ఉంది. చిన్న లెక్కతో దీనిని గ్రహించవచ్చు.

అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో స్కాన్ చేసిన చిత్రంలో ఒక్కో పిక్సెల్ సుమారు 0.085 మిల్లీమీటర్లకు సమానం. అర మిల్లీమీటరు మందం గల వేరు ఆ చిత్రంలో 6 పిక్సెళ్ల వెడల్పు మాత్రమే ఉంటుంది. యంత్రం ఇరువైపులా ఒక్కో పిక్సెల్ ఎక్కువగా గీస్తే వెడల్పు 8 పిక్సెళ్లవుతుంది. నిష్పత్తి 6కు 8, అనగా 0.75కు పడిపోతుంది. కాని వేరు పొడవు దాదాపు చెక్కుచెదరదు. ఇక మరో యంత్రం అదే వేరు అంచులను చక్కగా గీసి, 100 మిల్లీమీటర్ల పొడవులో చివరి 10 మిల్లీమీటర్లను వదిలివేసిందనుకుందాం. దాని నిష్పత్తి 0.90 వస్తుంది. మార్కులను బట్టి రెండవదే మెరుగు. కాని పొడవు 10 శాతం తగ్గి, సత్తువ సూచిక కూడా ఆ మేరకు తగ్గేది దానివల్లనే. ఒకదానిపై ఒకటి పడిన రెండు వేళ్ల కొనలను యంత్రం తారుమారు చేస్తే పరిస్థితి ఇంకా విచిత్రం. మొలకలన్నింటినీ కలిపి చూసే మొత్తం విస్తీర్ణంలో తేడా ఏమీ కనిపించదు, కాని పొట్టి వేరు పొడుగు వేరుగా, పొడుగు వేరు పొట్టి వేరుగా నమోదవుతుంది.

దీనినిబట్టి తేలేది ఒకటే. గీత ఎంత అందంగా ఉన్నదన్నది ప్రధానం కాదు. ఆ గీత ఆధారంగా తీసుకునే నిర్ణయం సరైనదా కాదా అన్నదే ప్రధానం. ప్రకటనల్లో కనిపించే ఖచ్చితత్వ శాతాలను అధికారులు గాని, పాత్రికేయులు గాని ఈ దృష్టితోనే పరిశీలించవలసి ఉంటుంది.

గీటురాయి వద్ద నాలుగు మొలకలు

విత్తన ధ్రువీకరణకు కనీస మొలక శాతం వరికి 80, కందికి 75, వేరుశనగకు 70, మిరపకు 60గా నిర్ణయించబడింది. వరిలో 400 గింజలకు 320 సాధారణ మొలకలు ఉండాలన్న మాట. నాలుగు మొలకలు అటు ఇటు అయితే ఒక శాతం మారుతుంది. గీటు మీద ఉన్న లాటుకు ఆ ఒక్క శాతమే భవితవ్యం.

గింజలను ఎంత నిష్పక్షపాతంగా తీసినా, నిజంగా 80 శాతం మొలిచే లాటు నుండి తీసిన 400 గింజల ఫలితం యాదృచ్ఛికంగానే సుమారు 2 శాతం అటు ఇటు ఊగుతుందని గణాంక శాస్త్రం చెబుతుంది. ఈ ఊగిసలాటను దృష్టిలో ఉంచుకునే ఇస్టా నియమావళి అనుమతించదగిన తేడాల పట్టికలను పొందుపరచింది. విశ్లేషకుని పొరపాటు కూడా చాలావరకు ఇటువంటిదే. ఒకరు కాస్త ఉదారంగా, మరొకరు కాస్త కఠినంగా చూడవచ్చు. అనేక పరీక్షల మీద ఆ తేడాలు కొంతవరకు సర్దుకుంటాయి.

యంత్రం పొరపాటు స్వభావం వేరు. అది ఒకే వైపునకు, ఒకే రీతిలో, ఎన్నిసార్లయినా జరుగుతుంది. మొండి వేరును పక్క మొలక వేరుతో కలిపి గీసే అలవాటు దానికి ఉంటే, ప్రతి వందలో ఇద్దరి వాటా వంటి చిన్న మొత్తమే అయినా, ఆ సాఫ్ట్‌వేర్ వాడే ప్రయోగశాలలన్నింటిలో ఒకేసారి మొలక శాతం పెరిగినట్లు కనిపిస్తుంది. వేరు కొనలను కోసివేసే అలవాటు ఉంటే తగ్గినట్లు కనిపిస్తుంది. మొదటి సందర్భంలో విత్తనం కొన్న రైతు నష్టపోతాడు. రెండవ సందర్భంలో మంచి విత్తనం పండించిన విత్తనోత్పత్తి రైతు నష్టపోతాడు. నమూనాల సంఖ్య పెంచినంత మాత్రాన ఇటువంటి ఒరవడి తప్పు తొలగిపోదు. పైగా వేళ్లు చిక్కుపడినవి, వంకర తిరిగినవి, బూజు పట్టినవి అయిన మొలకల దగ్గరే యంత్రం ఎక్కువగా తడబడుతుంది. అసాధారణ మొలకలు ఎక్కువగా ఉండేది కూడా వాటిలోనే. అనగా సులువైన చోట ఒప్పు, కీలకమైన చోట తప్పు జరిగే అవకాశం ఉందన్నమాట.

చట్టం దృష్టిలో చిత్రం

1966 విత్తన చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం విత్తన ఇన్‌స్పెక్టరు తీసిన నమూనాను మూడు భాగాలు చేయాలి. ఒకటి ఎవరి వద్ద తీసుకున్నారో వారికి, రెండవది విశ్లేషకునికి, మూడవది న్యాయస్థానం అవసరాల కోసం భద్రపరచడానికి. విశ్లేషకుని నివేదికపై వివాదం తలెత్తి కేసు నమోదైతే, న్యాయస్థానం ద్వారా కేంద్ర విత్తన ప్రయోగశాల అభిప్రాయం కోరే అవకాశాన్ని 16వ సెక్షన్ కల్పించింది. నివేదికపై సంతకం మనిషిదే. సాఫ్ట్‌వేర్ ఆ సంతకానికి సహాయకారి కాగలదే తప్ప ప్రత్యామ్నాయం కాజాలదు.

అయితే ఈ కోణంలోనే యంత్ర దృష్టికి ఒక విలువైన ప్రయోజనం ఉంది. తుది లెక్క పూర్తయిన తరువాత మొలకలు కుళ్లిపోతాయి. వాటిని పారవేయక తప్పదు. మిగిలేది రిజిస్టరులోని అంకె మాత్రమే. నిర్ణీత కొలమానంతో తీసిన చిత్రం, దానిపై గీసిన గీతలు, ఒక్కొక్క మొలకను ఏ తరగతిలో చేర్చారన్న వివరం భద్రపరిస్తే, ఆరు నెలల తరువాత ప్రశ్న ఎదురైనా తిరిగి చూడగల ఆధారం ఉంటుంది. పంట మొలవలేదని వచ్చిన రైతుకు, లాటు తిరస్కరించారని వచ్చిన ఉత్పత్తిదారునికి ఇద్దరికీ ఒకే చిత్రాన్ని చూపించవచ్చు. వేగం కంటె ఈ పారదర్శకతే పెద్ద లాభమని చెప్పవచ్చు.

మన పంటలు, మన చిత్రాలు

ప్రస్తుతం అందరికీ అందుబాటులో ఉన్న మొక్కల చిత్ర సంపుటాలలో అధికభాగం ఇతర దేశాల అవసరాల కోసం తయారైనవి. ఆకుల గీతల పోటీలకు వాడే ప్రసిద్ధ సంపుటంలో అరబిడాప్సిస్, పొగాకు మొక్కలు ప్రధానంగా ఉన్నాయి. డెన్మార్క్‌లోని ఆర్హూస్ విశ్వవిద్యాలయం వారు 2017లో వెలువరించిన నారు మొక్కల సంపుటంలో 12 జాతుల మొక్కలు ఉన్నాయి. అవి అక్కడి పొలాల్లోని పంటలు, కలుపు మొక్కలు. వాటితో శిక్షణ పొందిన యంత్రం కాగితపు చుట్టలో మొలిచిన వరినో, పత్తినో, వేరుశనగనో చూసి సరిగా గీయగలదని ఆశించడం భావ్యం కాదు.

మన దేశంలో ఈ రంగానికి తగిన పునాదులు లేకపోలేదు. న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో నానాజీ దేశ్‌ముఖ్ మొక్కల ఫినోమిక్స్ కేంద్రాన్ని 2017 అక్టోబరులో ప్రధానమంత్రి ప్రారంభించారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో లేజర్ కిరణాలతో మొక్కల ఆకు విస్తీర్ణాన్ని కొలిచే లీజీస్కాన్ వేదిక నెలకొన్నది. ఇవి భారీ వ్యయంతో కూడిన పరిశోధనా సదుపాయాలు. విత్తన ప్రయోగశాలకు కావలసినది మాత్రం ఒక మంచి స్కానర్, స్థిరమైన వెలుతురు, ఒక కంప్యూటర్, అన్నింటికీ మించి మన విశ్లేషకులు స్వయంగా గీసిన గీతలు.

ఈ విధానాన్ని ప్రవేశపెట్టదలచిన వారు కొన్ని అంశాలను ముందుగా పరిశీలించడం శ్రేయస్కరం. ప్రతి చిత్రంలోనూ కొలమానం కనిపించేలా చూడాలి. నేపథ్యం రంగు, కెమెరా ఎత్తు, వెలుతురు మారకూడదు. ఒకే చిత్రాన్ని ఇద్దరు విశ్లేషకులు విడివిడిగా గీసి, వారి మధ్య తేడా ఎంతో తెలుసుకోవాలి. మనుషుల మధ్య ఉన్న తేడా తెలియకుండా యంత్రం తేడాను నిందించడం గాని, మెచ్చుకోవడం గాని కుదరదు. శిక్షణకు వాడిన లాటు మొలకలను పరీక్షకు వాడరాదు. ఒకే లాటులోని మొలకలు ఒకే పోలికతో ఉంటాయి గనుక, వాటిని రెండు పక్కలా పంచితే యంత్రం ముందే చూసిన ప్రశ్నపత్రానికి జవాబు రాసినట్లవుతుంది. అసాధారణ మొలకలపై పనితీరును సగటులో కలపకుండా విడిగా ప్రకటించాలి. సందేహం గల మొలకలను యంత్రం తానుగా తేల్చక విశ్లేషకుని ముందు ఉంచాలి. కనీసం ఒక సీజను పాటు పాత పద్ధతినీ, కొత్త పద్ధతినీ పక్కపక్కన నడిపి, గీటు మీద ఉన్న లాటులలో రెండూ ఎన్నిసార్లు విభేదించాయో నమోదు చేయాలి.

ఇవి ఖర్చుతో కూడినవి కావు, ఓర్పుతో కూడినవి. విశ్లేషకుని అనుభవానికి యంత్రం పోటీ కాదు. స్కేలు పట్టుకుని గంటల తరబడి వంగి కూర్చునే శ్రమ తప్పితే, ఆ అనుభవాన్ని నిజంగా అవసరమైన చోట, అంటే ఆ మొలక పొలంలో నిలుస్తుందా లేదా అని తేల్చే చోట, వినియోగించే వీలు కలుగుతుంది. గీత యంత్రం గీయవచ్చు. తీర్పు మాత్రం మొలక ఎరిగిన మనిషి చెప్పాలి. ఈ రెండింటి హద్దును స్పష్టంగా పాటించినప్పుడే, విత్తన సంచిపై ముద్రించిన అంకె చూసి పొలానికి బయలుదేరే రైతు నమ్మకానికి తగిన విలువ దక్కుతుంది.